దానంతట అదే నిండే జాబితా

"ఆ లిస్టు ఇప్పుడు దానంతట అదే నిండుతోంది నాన్నా. ఎవరూ వేలు కదపక్కర్లేదు" అని మా మరిది లైల్ వాళ్ళ నాన్నతో అంటున్నప్పుడు నేను ఓవెన్‌లోంచి మాంసమూ బంగాళాదుంపలూ పేర్చి కాల్చిన రెండో హాట్‌డిష్ తీస్తున్నాను. మొదటిది అయిపోయింది. అది దానంతట అదే అయిపోయినట్టు, రెండోది దానంతట అదే వచ్చినట్టు ఎవరూ తల ఎత్తలేదు. మా మామగారు ఆర్విన్ పళ్ళెం కాస్త ముందుకు జరిపాడు. వడ్డించమని అర్థం. వడ్డించాను.

మా ఇంట్లో వాటంతట అవే జరిగేవి చాలా ఉన్నాయి. రొట్టెల డబ్బా నిండుతుంది. కాఫీ ఫ్లాస్కు తెల్లారేసరికి గుమ్మం పక్కన సిద్ధంగా నిలబడి ఉంటుంది. గ్రీజు పట్టిన ఓవరాల్స్ బుట్టలో మాయమై అరలో మడతలతో తేలతాయి. మా అత్తగారు వెర్నాకి తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆదివారం చర్చి తర్వాతి భోజనం కూడా వాళ్ళింటి నుంచి లేచి, రోడ్డు దాటి, మా ఇంటికి తనే నడిచి వచ్చేసింది. పిల్లలిద్దరూ తమంతట తామే పెరిగి ఉద్యోగాల ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఇప్పుడు వీటికి తోడు ఈ లిస్టు.

లైల్ అన్నది మా వెబ్ పేజీలో ఉన్న డ్రాప్‌డౌన్ గురించి. మాది ఉత్తర డకోటాలో పాత ట్రాక్టర్లు కొని, విప్పి, విడిభాగాలుగా అమ్మే యార్డు. రుస్టాడ్ పార్ట్స్ అంటే చుట్టుపక్కల రైతులందరికీ తెలుసు. రైతు మా పేజీ తెరిచి మొదటి గడిలో తన ట్రాక్టరు కంపెనీ ఎంచుకుంటాడు. అప్పుడు రెండో గడి కిందికి తెరుచుకుని, ఆ కంపెనీవి మా యార్డులో ఏయే మోడళ్ళున్నాయో చూపిస్తుంది. మోడల్ నొక్కితే మూడో గడిలో దానికి ఇంకా ఏ భాగాలు మిగిలాయో వస్తాయి. ఇదేదీ పేజీలో రాసిపెట్టి ఉండదు. రైతు నొక్కిన ప్రతిసారీ పేజీ వెళ్ళి డేటాబేస్‌ని అడుగుతుంది. అక్కడ ఉన్నదాన్ని తెచ్చి గడిలో పోస్తుంది. ఆ అడగడమూ తేవడమూ పోయడమూ నేను రాసినవే. లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెచ్చి వంటగది బల్ల మీద పెట్టుకుని, ఒక చలికాలమంతా కూర్చుని రాశాను. అంతకుముందు పేజీలో పేర్లు చేత్తో రాసి ఉండేవి. ఎప్పుడో అమ్ముడుపోయిన ఇంజన్ కూడా ఉన్నట్టే కనిపించేది. దానికోసం వచ్చిన రైతు తిట్టేవాడు. తిట్లు తినే ఫోను ఎప్పుడూ నా దగ్గరే ఉండేది.

సరే, డేటాబేస్‌లో ఉన్నదాన్ని పేజీ తెస్తుంది. మరి డేటాబేస్‌లోకి ఎవరు తెస్తారు? వేలంలో కొన్న ట్రాక్టరును లారీ యార్డులో దించి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఒక మనిషి దాని చుట్టూ తిరగాలి. గేర్‌బాక్స్ పక్కన పేరుకున్న గ్రీజు గీకి, రేకు మీద సీరియల్ నంబరు చదవాలి. ఒకే మోడల్‌లో కూడా ఫలానా నంబరు దాటాక పంపు మారుతుంది, ఇరుసు మారుతుంది. ఏది పనికొస్తుంది, ఏది తుక్కు అని చూసి రాసుకోవాలి. ఆఫీసులోకి వచ్చి చేతులు కాచుకుని కంప్యూటర్లో ఎక్కించాలి. భాగం అమ్ముడుపోతే అదే రోజు తీసెయ్యాలి. ఆ మనిషిని నేను. రెప్పల మీద నీళ్ళు గడ్డకట్టే గాలిలోనూ, బురదలో బూటు దిగబడి సాక్సుతో బయటికొచ్చే వసంతంలోనూ నేనే. జాబితా దానంతట అదే నిండుతుందన్న లైల్ ఆ చలికాలం ఒక్కసారి కూడా మూడో వరస దాటి నడవలేదు.

నేను వ్యాపారపు ఇంట్లో పుట్టాను. మా నాన్న వేలాల్లో పాత యంత్రాలు కొని ఊరూరా అమ్మేవాడు. చిన్నప్పుడు ఆయన ట్రక్కులో పక్క సీటు నాదే. ఏ వస్తువు ముందు నిలబడినా ఇది ఎవరి పేరున ఉందో ముందు చూడు, బాగుందో లేదో తర్వాత చూద్దువు అనేవాడు. పెళ్ళిని కూడా నేను లెక్క చూసుకునే చేసుకున్నాను. కర్టిస్ తాగడు, చెయ్యెత్తడు, పనికి బద్ధకించడు. నేను యంత్రాలు తెలిసినదాన్ని, వాళ్ళది యంత్రాల యార్డు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ సరితూగుతాయనిపించింది. ముందు పేరు చూడమన్న మాట పెళ్ళికి కూడా వర్తిస్తుందని మాత్రం మా నాన్న చెప్పలేదు. ఆయనకూ తట్టి ఉండదు. మా అమ్మ పేరు కూడా ఏ కాగితం మీదా ఉండేది కాదు మరి.

పెళ్ళయిన తర్వాతి సోమవారం నన్ను యార్డు కౌంటర్లో కూర్చోబెట్టారు. ఫోను మోగితే తీసేదాన్ని. "పార్ట్స్ వాళ్ళకి కలుపమ్మా" అనేవాళ్ళు. నేనే పార్ట్స్ అంటే, కాదు, ఎవరైనా మగవాణ్ణి పిలవమనేవాళ్ళు. యార్డులో పనిచేసే డెన్నీని పిలిచేదాన్ని. డెన్నీ ఫోను మూత మీద చెయ్యి పెట్టి నన్ను అడిగేవాడు. నేను చెప్పింది చెప్పినట్టు మళ్ళీ తన గొంతుతో చెప్పేవాడు. అవతల రైతు, ఆఁ, ఇప్పుడు తెలిసిందని తృప్తిపడేవాడు. డెన్నీ మంచివాడు. దానికి అతను సిగ్గుపడేవాడు, జీతం మాత్రం అతనికే వచ్చేది.

మా పేజీ చివర ఇంకొక గడి ఉంది. మీకు సాయం చేసిందెవరు అని అడుగుతుంది. అది లైల్ కోరి పెట్టించుకున్నది. తన అమ్మకాలు అన్నగారి ఖాతాలో పడుతున్నాయని అతని అనుమానం. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఆర్డరు ముందుకు కదలకూడదన్నాడు. అందులోని పేర్లు కూడా డేటాబేస్ నుంచే వస్తాయి, జీతాల పట్టికలో ఎవరుంటే వాళ్ళవి. అలా ఉండాలని చెప్పింది మా మామగారు. అది రాస్తున్నప్పుడే నేను అడిగాను, మరి నా పేరు?

"అది సిబ్బందికి అమ్మాయ్. నువ్వు ఇంటిమనిషివి" అన్నాడు.

కర్టిస్, లైల్ ఇంటిమనుషులు కారా అని అడిగితే, వాళ్ళకి సంసారాలున్నాయి కదా అన్నాడు. నేను చేస్తున్న సంసారం ఎవరిదో నాకు అర్థం కాలేదు.

ఆ గడిలో పేర్లు అక్షర క్రమంలో వస్తాయి. కర్టిస్, డెన్నీ, లైల్. మాట్లాడింది నాతో, కానీ ఒక పేరు నొక్కక తప్పదు. నీ పేరు లేదేం మార్లిస్, ఎవర్ని నొక్కను అని రైతులు అడిగేవాళ్ళు. ఎవర్నైనా నొక్కండి అనేదాన్ని. ఎవర్నైనా అంటే మనిషి మొదట కనిపించిన పేరే నొక్కుతాడు. అలా నా నోరు నొప్పెట్టేలా మాట్లాడిన మాటలన్నీ నా మొగుడి పేరున జమ అయ్యాయి. అతను ఏ రోజైనా, ఇది నాది కాదు అని అంటాడేమో అని ఎదురుచూశాను. అనలేదు.

ఆ ఆదివారం లిస్టు గురించి మాట వచ్చింది ఊరికే కాదు. హాట్‌డిష్ రెండో వాయి కూడా తినేశాక మా మామగారు గిన్నెలు పక్కకి జరిపించి అసలు సంగతి చెప్పాడు. తనకి వయసు మీద పడింది. విత్తనాల పని ముగిశాక యార్డును కంపెనీగా మార్చి వాటాలు రాస్తాడు. కొడుకుల్లో ఎవరెంత పని చేశారో తను తేలిస్తే ఇద్దరూ తగువు పడతారు. అందుకని కంప్యూటర్ చెప్పినట్టు చేస్తాడు. ఎవరి పేరున ఎన్ని ఆర్డర్లుంటే వాటా ఆ లెక్కన. కంప్యూటర్‌కి పక్షపాతం ఉండదు కదా అన్నాడు.

కంప్యూటర్‌కి ఉండదు. దానికి ఏం చెప్పి పెట్టామో అదే ఉంటుంది.

నేను ఇంకా నిలబడే ఉన్నాను, చేతిలో పచ్చడి సీసాతో. లైల్ మొహం మాడిపోయింది. కర్టిస్ చెవులు ఎర్రబడ్డాయి. సంతోషం వస్తే అతనికి చెవులు ఎర్రబడతాయి. నాకొచ్చింది సంతోషం కాదు. సీసా బల్ల మీద పెట్టి చెప్పాను.

"ఆ లిస్టులో నా పేరు కూడా ఉండాలి ఆర్విన్. ఫోన్లు తీసేది నేను."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. అర్థం కానట్టు చూశాడు. "నీకెందుకమ్మాయ్ అది?"

"ఆమెది పెడితే అమ్మది కూడా పెట్టాలి" అన్నాడు లైల్. "టఫీది కూడా పెట్టు నాన్నా. వచ్చిన ప్రతి బేరానికీ గేటు దాకా ఎదురెళ్ళేది అదే కదా."

టఫీ మా యార్డు కుక్క.

మా మామగారు నవ్వాడు. లైల్ నవ్వాడు. వెర్నా పెదవులు బిగించి పళ్ళెంలోకి చూసింది. నేను కర్టిస్ వైపు చూశాను. ఎన్నో శీతాకాలాలు నా కాళ్ళు తన కాళ్ళ మధ్య పెట్టుకుని వెచ్చబెట్టిన మనిషి. అతను కూడా నవ్వాడు. గట్టిగా కాదు, అందరితోపాటు కొంచెం. లైల్ అన్న మాట నాకు పెద్దగా తగల్లేదు. అతనికి నోరు అలవాటు. ఆ కొంచెం నవ్వు మాత్రం తగిలింది.

వాళ్ళు వెళ్ళాక గిన్నెలు తోముతుంటే కర్టిస్ వెనక వచ్చి నిలబడ్డాడు. తువ్వాలు తీసుకుని తుడుస్తాడేమో అనుకున్నాను. తువ్వాలుతో చేతులు తుడుచుకుని మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. పిచ్చిదానా, ఆలోచించు అన్నాడు. పెద్ద వాటా తనకే వస్తుంది, అంటే మనకే వస్తుంది. ఇప్పుడు నీ పేరని గొడవ చేస్తే లైల్ పాత ఆర్డర్లన్నీ తిరగదోడతాడు. నోరు మూసుకుని కూర్చుంటే ఇద్దరం బాగుపడతాం.

"నాదంతా నీది కాదా?" అన్నాడు చివరికి, మెత్తగా.

బేరం తెలిసినదాన్ని కాబట్టి ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. అతనిదంతా నాదైతే నా పేరున రాయడానికి అడ్డేమిటి? నాదే అయినప్పుడు నేను అడిగినందుకు గొడవ ఎందుకవుతుంది? వెర్నాకి కూడా ఇదే మాట చెప్పి ఉంటారు. యార్డు మొదలైన రోజుల్లో లెక్కలన్నీ రాసింది ఆవిడే. ఆపరేషన్‌కి వెళ్ళే ముందు సొంతంగా ఒక మెత్తటి కుర్చీ కొనుక్కోవాలనుకుంది. ఆర్విన్‌ని అడిగి, ఆయన మంచం మీదే కూర్చోవచ్చు కదా అంటే ఊరుకుంది. ఒకసారి బంగాళాదుంపలు తొక్క తీస్తూ నాతో అంది, నా పేరు దేని మీదా లేదు మార్లిస్, అయినా బతికాను అని. గర్వంగా అందో, ఓడిపోయి అందో అప్పుడు తెలియలేదు. కర్టిస్ వైపు చూస్తుంటే ఇప్పుడు తెలిసింది. నేనూ ఒకరోజు ఇలాగే ఏ కోడలితోనో అంటాను. ఆ కోడలు నన్ను చూసి జాలిపడుతుంది.

"కాదు" అన్నాను.

అతను ఇంకేదో అడగబోయి, టీవీలో ఆట మొదలైందని వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున ఆఫీసులో ఒక్కదాన్నే ఉన్నాను. జీతాల పట్టిక తెరిస్తే నా పేరు ఎక్కించడం చిటికెలో పని. ఆ పేజీ రాసిన చేతులకి అదెంత. కానీ చాటుగా నేను పెట్టుకున్నది చాటుగా వాళ్ళు తీసేస్తారు. పైగా మార్లిస్ దొంగతనంగా దూరిందంటారు. నాది నేను దొంగిలించి తెచ్చుకోవడం ఏం బేరం? కంప్యూటర్ అలాగే వదిలేసి, కోటు తొడుక్కుని, రోడ్డు దాటి ఇంటికొచ్చాను.

సమ్మె అని ఎవరికీ చెప్పలేదు. నా పేరు ఎక్కడుందో ఆ పనులే చెయ్యాలనుకున్నాను, అంతే. వెతికితే తక్కువే దొరికాయి. చర్చి నేలమాళిగలో కాఫీ వంతుల కాగితం మీద ఉంది, వెళ్ళి కాఫీ కాచాను. లైబ్రరీ కార్డు మీద ఉంది, పుస్తకాలు తెచ్చుకున్నాను. యార్డులో ఎక్కడా లేదు కాబట్టి యార్డుకి వెళ్ళలేదు. కర్టిస్ ఫ్లాస్కు వెతుక్కున్నాడు. అది అల్మరాలోనే ఉంది, ఖాళీగా. ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. బాగానే ఉందన్నాను. రెండు రోజులు నవ్వుతూ, తర్వాత నవ్వకుండా తిరిగాడు.

మంచు కరిగాక ఏటా వేలాలు మొదలవుతాయి. ఆ ఏడు ఒక పెద్ద రైతు పొలం అమ్ముకుంటే మా మామగారు అతని ట్రాక్టర్లన్నీ కొని యార్డులో దింపించాడు. ఇలాంటి సరుకు వచ్చినప్పుడే మా పేజీకి ఫోన్లు మోగిపోతాయి. కానీ పేజీ తెరిస్తే ఆ మోడళ్ళు ఒక్కటీ కనిపించలేదు. సరుకు కళ్ళ ముందు గుట్టలా ఉంది, జాబితాలో లేదు. అమ్ముడుపోయినవి మాత్రం పోకుండా ఉన్నాయి. రైతులు ఆర్డరు చేసేవాళ్ళు, డెన్నీ వెళ్ళి చూస్తే అక్కడ ఖాళీ బోల్టులుండేవి. పేజీ పాడైందని లైల్ మూడుసార్లు కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడట. పేజీ పాడవలేదు. అది అడుగుతూనే ఉంది. చెప్పేవాళ్ళే లేరు.

చివరికి లైల్ స్వయంగా దిగాడు. ఒక్క మధ్యాహ్నంలో కొత్త సరుకంతా ఎక్కించేశానని, ఇంతోటి దానికా ఆవిడ అన్నేళ్ళు అంత హడావుడి చేసిందని చెప్పుకున్నాడు. తొందరలో అతను చూసింది బానెట్ల మీద అంకెలు. మా ప్రాంతంలో పాత ట్రాక్టరుకి బానెట్ నలిగిపోతే, పక్కవాడి దగ్గర పడి ఉన్న ఏదో మోడల్ బానెట్ తెచ్చి బిగించుకుని దున్నుకుంటారు. బానెట్ చూసి ట్రాక్టరుని గుర్తుపట్టడం, టోపీ చూసి మనిషిని పిలవడం లాంటిది. రేకు మీద నంబరు చదవాలంటే కింద పాకాలి, గ్రీజు గీకాలి. లైల్ కొత్త జాకెట్ వేసుకున్నాడు.

విత్తనాల పని జోరుగా ఉన్న రోజుల్లో గేలన్ అనే రైతు మా ఇంటి తలుపు కొట్టాడు. పక్క కౌంటీ నుంచి వచ్చాడు. పొలం మధ్యలో ట్రాక్టరు ఆగిపోతే మా పేజీలో మోడల్ నొక్కి హైడ్రాలిక్ పంపు కొన్నాడు. బిగించబోతే పట్టలేదు. దాన్ని తిరిగి తెచ్చి కౌంటర్ మీద పెడితే, జాబితాలో ఉందంటే అదే అయి ఉండాలి అన్నాడట లైల్. వాన వచ్చేలా ఉంది, విత్తనం ఇంకా సంచుల్లోనే ఉంది. గేలన్ గుమ్మంలో టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.

"ఫిర్యాదు రాద్దామంటే అక్కడా ఎవరు సాయం చేశారని అడుగుతోంది. పైనున్న పేరు నొక్కాను, కర్టిస్‌ని. అందరూ అదే నొక్కుతున్నారట" అన్నాడు. "నిన్ను తిట్టడానికి కూడా నీ పేరు లేదు మార్లిస్."

మెచ్చుకోళ్ళు వెళ్ళిన దారినే తిట్లూ వెళ్ళాయన్నమాట. కర్టిస్ రెండు వారాలుగా అన్నం సరిగ్గా ఎందుకు తినడం లేదో అప్పుడర్థమైంది. తృప్తిగా అనిపించిన మాట నిజం.

గేలన్‌కి చెప్పకూడదనే అనుకున్నాను. నా పనికి విలువ లేనప్పుడు ఎందుకివ్వాలి? కానీ నాకు అన్యాయం చేసింది ఇతను కాదు. ఇతని పొలం విత్తకుండా మిగిలిపోతే నా పేరు జాబితాలోకి ఎక్కదు. అమ్మేదాన్ని కాబట్టి ఊరికే మాత్రం ఇవ్వదలచుకోలేదు.

చివరి వరసలో, మా కిటికీలోంచి కనిపించే కంచె పక్కన ఉన్న ట్రాక్టరు చూడమన్నాను. దాని మీద బానెట్ వేరే మోడల్‌ది, ఒళ్ళు మాత్రం నీ ట్రాక్టరు మోడల్‌దే, నీ పంపు దాని కిందే ఉందన్నాను. ఆ ట్రాక్టరు మా నాన్న ఒకప్పుడు ఆ పెద్ద రైతుకే అమ్మినది. ఆ బానెట్ మార్చిన రోజు నేను అక్కడే ఉన్నాను.

"దీనికి నీకేం ఇవ్వాలి?" అన్నాడు గేలన్. మంచి రైతు, అడగకుండా ఉండడు.

"కౌంటర్ దగ్గరికి వెళ్ళి, ఆర్విన్ వినేలా, ఇది ఎవరు చెప్పారో చెప్పు. అంతే."

అతను గట్టిగానే చెప్పినట్టున్నాడు. అప్పుడు కౌంటర్ దగ్గర కాఫీ తాగుతున్న రైతులు కూడా ఉన్నారట. ఒకడు, నాకూ చెప్పేది ఆమే కదా అన్నాడట. ఇంకొకడు, మరి ఇన్నాళ్ళూ మేము కర్టిస్‌ని ఎందుకు నొక్కుతున్నాం అన్నాడట. ఇదంతా డెన్నీ నాకు తర్వాత చెప్పాడు. ఆ కొంచెం సేపూ కర్టిస్ మొహం ఎలా ఉందో కూడా చెప్పబోయాడు. వద్దన్నాను.

ఆ మధ్యాహ్నమే పిలుపు వచ్చింది. ఆఫీసులో మా మామగారు కంప్యూటర్ ముందు కుర్చీలో ఉన్నాడు. లైల్ కిటికీ దగ్గర, కర్టిస్ గోడకి ఆనుకుని నిలబడ్డారు. వెర్నా చేతికర్రతో వచ్చి మూల బల్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ యార్డు ఆఫీసులోకి వచ్చి చాలా కాలమైంది.

"సరేనమ్మాయ్. నువ్వే గెలిచావు" అన్నాడు మా మామగారు, పిల్లకి చాక్లెట్ ఇస్తున్నట్టు. "లైల్, పేజీ తెరిచి ఆ లిస్టులో ఈమె పేరు రాసెయ్. రేపటి నుంచి వచ్చెయ్, మార్లిస్. పనంతా ఆగిపోయింది."

లైల్ కంప్యూటర్ మీదికి వంగాడు. పేజీ అంతా పైకీ కిందికీ తిప్పాడు. పేర్లు రాసి ఉన్న చోటు కోసం వెతుకుతున్నాడు. దొరకదు. నేను కాసేపు వెతకనిచ్చాను.

"పేర్లు ఇక్కడ ఉండవు లైల్" అన్నాను. "పేజీలో ఏదీ ఉండదు. అది అడిగి తెచ్చుకుంటుంది. ఆర్విన్, నన్ను లిస్టులో పెట్టొద్దు. జీతాల పట్టికలో పెట్టండి. లిస్టు దానంతట అదే నిండుతుంది."

కర్టిస్ నేలకేసి చూస్తున్నాడు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం మార్లిస్ అని గొణిగాడు. ఇంట్లో మాట్లాడిన మాటలన్నీ ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. ఇక్కడే మాట్లాడదాం అన్నాను.

మా మామగారు మొండివాడేగాని లెక్క తెలియనివాడు కాదు. బయట సరుకు గుట్టగా పడి ఉంది, కాఫీ దగ్గర రైతులు చెవులు రిక్కించి ఉన్నారు. జీతాల పట్టిక తెరిచాడు. ఒక వేలితో నా పేరు ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టాడు. తర్వాతి గడి దగ్గర ఆగాడు. అక్కడ పనిలో చేరిన తేదీ అడుగుతుంది. గోడ మీద క్యాలెండర్ చూసి ఆ రోజు తేదీ కొట్టడం మొదలుపెట్టాడు.

"అది కాదు" అన్నాను. "పెళ్ళయిన తర్వాతి సోమవారం."

"అలా వేస్తే పాత ఆర్డర్లన్నీ మళ్ళీ చూడాలి కదా. వాటాలు మళ్ళీ కట్టాలి" అన్నాడు లైల్.

"చూడాలి. కట్టాలి."

మా మామగారు వేలు గాల్లో ఉంచి నా వైపు చూశాడు. అదెప్పుడో ఎవరికి గుర్తుంటుంది అన్నాడు. అప్పుడు మూల నుంచి వెర్నా గొంతు వినిపించింది.

"నాకు గుర్తుంది. అక్టోబరు. ఆ పొద్దున మొదటి మంచు పడింది. ఈ పిల్లకి బూట్లు లేకపోతే నావి ఇచ్చి పంపాను." చేతికర్ర ఊని లేచింది. ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చి ఆయన పక్కన వేసుకుని కూర్చుంది. "అది అయ్యాక నాది కొట్టు ఆర్విన్. నేను చేరిన రోజు నీకు బాగానే తెలుసు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కీబోర్డు మీద అంకె కోసం వెతకసాగాడు. ఆయనకి టైపు రాదు. ఇన్నేళ్ళూ ఆయన ఉత్తరాలు, బిల్లులు, పన్నుల కాగితాలు ఎవరు కొట్టి పెట్టారో ఆ గదిలో అందరికీ తెలుసు. తప్పు అంకె పడింది. చెరిపాడు. తల తిప్పి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, ఎవరో ఒకరు అందుకుంటారేమోనని.

వెర్నా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను కోటు జేబుల్లో పెట్టుకున్నాను.